గంగన్న ఫోటోకు దండ

ఆ శుక్రవారం ఉదయం రత్నాకర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ప్రింటింగ్ షాపుకి వెళ్ళి ఫోటో తెచ్చుకోవాలి. సాయంత్రం సముద్రపు ఒడ్డున స్టాల్లో దాన్ని నిలబెట్టాలి. చప్పట్లు అయ్యాక ఇంటికి వచ్చి పెసరట్లు తినాలి. పిండి కూడా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి ఉంది.

ఖతర్‌లోని అల్ ఖోర్ పెద్ద ఊరేమీ కాదు. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ళూ, ముత్యాల కోసం నీళ్ళలో మునిగేవాళ్ళూ ఉన్న ఊరు. ఇప్పుడు గ్యాస్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళ కుటుంబాలతో నిండిపోయింది. రత్నాకర్‌ది కాకినాడ. కంపెనీ ఇళ్ళ మరమ్మతులు చూసే ఆఫీసులో సూపర్‌వైజరు. దాంతోపాటు అక్కడి తెలుగు సంఘానికి కార్యదర్శి. కుర్చీలు వేయించడం, తీయించడం, మధ్యలో ఎవరైనా అలిగితే బతిమాలడం కార్యదర్శి పనులు.

ఊరి వారసత్వం పేరుతో ఒక సాయంత్రం జరపాలన్న ఆలోచన స్కూలు లైబ్రరీ చూసే ఇంగ్లీషు మేడమ్‌ది. ఆమె సొంతూరు ఇంగ్లండులో ఏదో నది ఒడ్డున ఉంది. చిన్న ఊరు. ఒక పాత వంతెన, ఒక పిండిమిల్లు, కొన్ని పడవలు. ఏటా ఊరంతా ఒకచోట చేరి పాత ఫోటోలు పెట్టుకుని తమ ఊరి కథ చెప్పుకుంటారట. వంతెన కట్టించిన దొర పేరు రాతి మీద చెక్కి ఉంది కానీ, ఆ రాళ్ళు మోసినవాళ్ళలో ఒక్కరి పేరూ ఎవరికీ తెలియదట. ఈ ఊళ్ళో ఆ తప్పు జరగకూడదని ఆమె మీటింగులో చెప్పింది. ఏ దేశం వాళ్ళు ఆ దేశం నుంచి వచ్చి ఈ ఊరిని కట్టిన ఒక మనిషి ఫోటో పెట్టాలని తీర్మానించారు.

తెలుగువాళ్ళు గంగన్నను ఎంచుకున్నారు. మెట్‌పల్లి దగ్గర పల్లెటూరి మనిషి, తాపీమేస్త్రీ. స్కూలు గోడ, మసీదు ముందు మెట్లు, సముద్రం పక్కన నడిచే బాట, వీటిలో గంగన్న చెయ్యి పడనిది తక్కువ. ఫోటో తీస్తామంటే ఉన్నంతలో మంచి చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోటో అనగానే పాస్‌పోర్టు గుర్తొచ్చిందేమో, ఎంత చెప్పినా నవ్వలేదు. ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి నిలబడ్డాడు. పని అయ్యాక ఆ ఫోటో తన ఇంటికి పంపమని మాత్రం అడిగాడు. భార్య ఎల్లవ్వ గోడకు తగిలించుకుంటుందన్నాడు. రత్నాకర్ సరేనన్నాడు. ఆ తర్వాత గంగన్నను గ్యాస్ ప్లాంటులో మిషన్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి పంపారు. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు, పని పూర్తయ్యేదాకా ఇవ్వరు.

షాపులో ఫోటో చూసి రత్నాకర్ మొదట సంతోషించాడు. నిలువెత్తున ఉంది, నల్ల ఫ్రేము. కింద గంగన్న పేరు, ఆ పక్కన ఇక్కడ పనిచేస్తున్న కాలం "2001 నుంచి ఇప్పటివరకు" అని వేయమని చెప్పి ఉంచాడు. షాపులో కుర్రాడు చోటు చాలక దాన్ని కుదించాడు. "గంగన్న, 2001–2025" అని ఉంది. మార్చడానికి టైము లేదు. ఎలాగూ అర్థమవుతుందిలే అనుకుని కారులో పెట్టించుకున్నాడు.

సాయంత్రం ఒడ్డున గాలి బాగా వీస్తోంది. పక్క స్టాల్లో ఒక ఖతరీ ముసలాయన పాత వలలూ, ముత్యాల కోసం మునిగేటప్పుడు ముక్కుకు పెట్టుకునే క్లిప్పూ పరిచి కూర్చున్నాడు. తెలుగు స్టాల్లో రత్నాకర్ భార్య మాలతి దీపం వెలిగించింది. అది మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోసారి ఆమె దీపాన్ని తీసుకెళ్ళి ఫోటో ముందు పెట్టింది. అంత పెద్ద ఫ్రేము గాలికి అడ్డు ఉండటంతో దీపం నిలకడగా వెలిగింది. చేపల రేవు నుంచి వాసన వస్తోందని సంఘంలో ఎవరో రెండు అగరొత్తులు వెలిగించి, గుచ్చడానికి ఏమీ దొరక్క ఒక అరటిపండుకు గుచ్చి దీపం పక్కన పెట్టారు. అప్పటికి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ముఖ్య అతిథి ఇంగ్లీషు మేడమే. ఆమె కోసం మాలతి దోహా నుంచి బంతిపూలు తెప్పించి తన చేత్తో దండ కట్టింది. రత్నాకర్ ఆ దండను ఆమె మెడలో వేశాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, దాన్ని తీసి రెండు చేతులతో పట్టుకుంది. ఇది నాకు కాదు, ఈ ఊరిని కట్టిన ఈయనకు చెందాలి అని చెప్పి, వెళ్ళి గంగన్న ఫోటోకు వేసింది. వెనక్కి జరిగి తల వంచి నిలబడింది. ఆమెను చూసి మిగతా దేశాలవాళ్ళూ తలలు వంచారు. ఖతరీ ముసలాయన కూడా లేచి నిలబడ్డాడు.

తెలుగువాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్ద ఫోటో, పూలదండ, దీపం, అగరొత్తులు, పేరు పక్కన రెండు సంవత్సరాలు, మధ్యలో గీత.

"ఏవండీ, ముందు ఆ దండ తీసెయ్యండి," అంది మాలతి పెదవులు కదపకుండా.

"ఆవిడ ఎదురుగా ఎలా తీస్తాను? వెళ్ళనీ."

మేడమ్ వెళ్ళలేదు. ఆమెకు అన్నిటికంటే ఆ స్టాలే నచ్చింది. కనిపించిన ప్రతి ఒక్కరినీ తీసుకొచ్చి గంగన్నను చూపించింది. చూపించిన ప్రతిసారీ ఆమె కళ్ళు చెమర్చాయి. ఈలోగా ఇస్హాక్ ఒక ఫోటో తీసుకున్నాడు. ఇస్హాక్‌ది మెట్‌పల్లే. దోహా దారిలో ఉన్న ఉమ్ సలాల్‌లో ఒక తోట యజమానికి డ్రైవరు, గంగన్నకు పాత స్నేహితుడు. స్నేహితుడికి జరిగిన గౌరవం చూసి పొంగిపోయి, ఆ ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. ముస్లిముల ఇళ్ళలో ఫోటోలకు దండలు వేసే అలవాటు లేదు. ఆ దండకు ఊళ్ళో ఏ అర్థం వస్తుందో ఆ నిమిషంలో అతనికి తట్టలేదు. తర్వాత రత్నాకర్ అడిగితే, గంగన్న బతికే ఉన్నాడని తనకు తెలుసు కాబట్టి తట్టలేదన్నాడు. అది న్యాయమైన సమాధానమే.

ఇస్హాక్ కారు ఎక్కేలోపు గంగన్న బామ్మర్ది ఊరి నుంచి ఫోన్ చేశాడు. గొంతు ఏదోలా ఉంది.

"ఎట్లయింది ఇస్హాక్ భాయ్?"

కార్యక్రమం గురించి అడుగుతున్నాడని ఇస్హాక్ అనుకున్నాడు. "మంచిగయింది. ఎవ్వరికీ తక్లీఫ్ కాలే. సాయంత్రం షురూ అయింది, జల్దీనే ఖతం."

"నువ్వు దగ్గరున్నవా?"

"దగ్గరుండే ఫోటో తీసిన. పెద్ద పెద్దోళ్లు తలకాయలు వంచి నిలబడ్డరు. ఇంగ్లీషు మేడం అయితే ఏడ్శింది."

"ఇప్పుడు యాడున్నడు?"

"లోపల ఉన్నడు. ఆడికి ఫోన్లు రానియ్యరు, మనల్ని గూడ పోనియ్యరు."

"ఇంటికి ఎన్నడు పంపిస్తరు మరి?"

ఫోటో ఇంటికి పంపే సంగతి బామ్మర్ది దాకా వెళ్ళిందని ఇస్హాక్ అనుకున్నాడు. "రత్నాకర్ సార్ చూస్తుండు. జెర పెద్దగుంది, కట్టెల డబ్బ చేపియ్యాలె. కార్గోల ఏస్తం. నువ్వు ఫికర్ చెయ్యకు, ఒక్క గీత పడకుండ పంపుతం."

బామ్మర్ది అల్లా నిన్ను సల్లగ సూడాలె అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. గంగన్న వాళ్ళు ఎంత మర్యాదస్తులో అనుకుంటూ ఇస్హాక్ తోటకు వెళ్ళిపోయాడు.

గంగన్న ఊరికి గల్ఫ్ చావు కొత్త కాదు. ఎవరికి ఫోన్ చేయాలో, పెట్టె ఏ విమానంలో వస్తుందో, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు ఎవరి అంబులెన్సు వెళ్తుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి ఎవరూ కంగారుపడలేదు, ఎవరి పని వాళ్ళు మొదలుపెట్టారు. ఫోటో కింద సంవత్సరాల లెక్కన గంగన్న వయసు ఇరవై నాలుగే. కంపెనీ కాగితాల్లో పుట్టిన తారీకులు ఎప్పుడూ తప్పే పడతాయని సర్దుకున్నారు. ఊళ్ళో గల్ఫ్ అంతటికీ పేరు దుబాయే. అందుకని ముందు దుబాయ్‌లోని సేవాసంఘానికి ఫోన్ చేశారు. వాళ్ళు పాపం అక్కడి ఆసుపత్రులన్నీ విచారించి గంగన్న అనే మనిషి ఎక్కడా లేడని చెప్పారు. దాంతో గంగన్న చచ్చిపోవడమే కాక శవం కూడా మాయమైందని ఊరు తేల్చుకుంది. ఎల్లవ్వకు తెల్లారాక చెప్పారు.

శనివారం ఉదయం రత్నాకర్ లేచేసరికి ఫోను సందేశాలతో నిండి ఉంది. జరగాల్సినవన్నీ దగ్గరుండి చూసుకున్నందుకు ముక్కూ ముఖం తెలియనివాళ్ళు కూడా దండాలు పెట్టారు. కార్యక్రమం పేరు ఇంత దూరం వెళ్ళిందా అని అతనికి గర్వం కలిగింది. "ధన్యవాదాలు. మీ అందరి సహకారం వల్లే ఇది సాధ్యమైంది" అని రాసి అందరికీ పంపాడు.

ఆ తర్వాత బామ్మర్ది ఫోన్ చేసి, కారణమేంది సార్, గుండెపోటా, పైనుంచి పడ్డడా అని అడిగాడు. అప్పుడుగానీ రత్నాకర్‌కు ఆ దండాల అర్థం తెలియలేదు.

గంగన్న బతికే ఉన్నాడని రకరకాలుగా చెప్పాడు. దీపం గురించి, గాలి గురించి, చేపల వాసన గురించి, ఇంగ్లీషు మేడమ్ మంచితనం గురించి వివరించాడు. అంతా విని బామ్మర్ది మెల్లగా అన్నాడు: "సార్, మాకు తెల్వనిదా. మా చిన్నాయిన పోయినప్పుడు గూడ గిట్లనే జేసిండ్రు. ముందుగాల మంచిగున్నడన్నరు. తెల్లారి సీరియస్ అన్నరు. ఎల్లవ్వ గట్టి మనిషే సార్, చెప్పుండ్రి."

"చెప్పడానికి ఏముందయ్యా, బతికే ఉన్నాడు."

"మరి ఫోన్ ఎందుకెత్తడు?"

ఆ ప్రశ్నకు సమాధానం ఉంది. అయితే ప్లాంటులో ఫోన్లు ఉండవని ఎన్నిసార్లు చెప్పినా అది దాచిపెట్టేవాడి మాటలాగే వినిపించింది. వెనకాల నుంచి ఒక ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. ఎల్లవ్వేనని రత్నాకర్‌కు అర్థమైంది. గంటలో గంగన్నతోనే మాట్లాడిస్తానని మాట ఇచ్చి పెట్టేశాడు.

క్యాంపుకు ఫోన్ చేస్తే గంగన్న మంచం ఖాళీగా ఉందన్నారు. ప్లాంటు గేటుకు చేస్తే గంగన్న పేరుతో లోపల ఎవరూ లేరన్నారు. వాళ్ళ దగ్గర పాస్‌పోర్టు పేర్లు ఉంటాయి. గంగన్న పాస్‌పోర్టులో పేరు ఏమిటో ఇన్నేళ్ళలో రత్నాకర్ ఎప్పుడూ అడగలేదు. సంఘంలో నలుగురిని అడిగాడు. వాళ్ళకూ తెలియదు. నిన్న సాయంత్రం తలలు వంచి గౌరవించిన మనిషి అసలు పేరు ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

అతను ఆ ఆలోచనలో ఉండగానే దోహా నుంచి ఇక్రాముద్దీన్ ఫోన్ వచ్చింది. ఇక్రాముద్దీన్ హైదరాబాదీ. ఖతర్‌లో చనిపోయినవాళ్ళను ఇళ్ళకు పంపే పని ఏ ఫలితం ఆశించకుండా చేస్తాడు. ఊరివాళ్ళు చివరికి దేశం సరిగ్గా కనుక్కుని అతన్ని పట్టుకున్నారు.

"ఒక ఆసుపత్రి మార్చురీల మనవైపు మనిషి ఒకడు ఉన్నడంట భాయ్. పేరు జీ తోని మొదలైతది. కార్డు మీద అక్షరాలు సగం పోయినయి. మీరొచ్చి చూస్తే నయముంటది."

రత్నాకర్ సరేనన్నాడు. గంగన్నను తను చివరిసారి చూసింది ఎప్పుడు? పది రోజులు దాటింది. ఆ తర్వాత గంగన్న గొంతు విన్నవాళ్ళు ఎవరు? నిన్న దండ పడే సమయానికే లోపల ఏదైనా జరిగి ఉంటే? ప్లాంటులో ఎండ, ఎత్తు, వేడి పైపులు. ఫోటో పెట్టించింది తను. సంవత్సరాలు వేయించింది తను. దండ తీయకుండా మొహమాటపడింది తను. అన్నీ కలిపి చూస్తే గంగన్నను తనే చంపినట్టు అనిపించింది. మాలతి అలాంటివి నమ్మే మనిషి కాదు. అయినా ఆమె కూడా దేవుడి గదిలోకి వెళ్ళి నిలబడింది.

ఇస్హాక్ కారు తీసుకొచ్చాడు. ఉమ్ సలాల్ దాటాక ఇస్హాక్ ఒక్క మాట అన్నాడు. "నేనే చెప్పిన సార్, డబ్బల పెట్టి పంపుతమని. నా నోటితోని నేనే చెప్పిన."

మార్చురీ దగ్గర ఇక్రాముద్దీన్ ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. ఉద్యోగి ఒకతను గుడ్డ తొలగించాడు. రత్నాకర్ కళ్ళు మూసుకుని, మళ్ళీ బలవంతంగా తెరిచి చూశాడు.

గంగన్న కాదు. చిన్న వయసు, సన్నటి మనిషి. గడ్డం పెరిగి ఉంది.

"అమ్మయ్య," అన్నాడు రత్నాకర్. ఆ మాట పైకే వచ్చేసింది. ఆ గదిలో చాలా పెద్దగా వినిపించింది. ఇక్రాముద్దీన్ తల తిప్పుకున్నాడు. ఉద్యోగికి తెలుగు రాదు. కానీ అతనూ తల తిప్పుకున్నాడు.

ఇస్హాక్ మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "వీడు గిరి," అన్నాడు కాసేపటికి.

గిరి ఆర్మూర్ అవతలివాడు. వచ్చిన కంపెనీ మూతపడితే, ఉమ్ సలాల్‌లో తోట తోటకూ తిరిగి దొరికిన పని చేసేవాడు. మధ్యాహ్నాలు ఇస్హాక్ ఉండే తోటకు చల్లనీళ్ళ కోసం వచ్చేవాడు. ఎండాకాలంలో ఒకరోజు రావడం మానేశాడు. ఇంకెక్కడో పని దొరికి ఉంటుందని ఇస్హాక్ అనుకున్నాడు. గిరి ఎక్కడో రోడ్డు పక్కన పడిపోతే ఎవరో ఆసుపత్రికి చేర్చారట. పాత కంపెనీ లేదు కాబట్టి అడగడానికి ఎవరూ లేరు. రెండు నెలలకు పైగా మార్చురీలోనే ఉన్నాడు. ఇక్రాముద్దీన్ వచ్చి అడిగేదాకా అతని కోసం ఎవరూ రాలేదు. ఇక్రాముద్దీన్ కూడా గంగన్న కోసమే వచ్చాడు.

బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాక రత్నాకర్ ఫోను మోగింది. కొత్త నంబరు.

"సార్, నేను గంగన్నను. ఇప్పుడే బయటికొచ్చిన. డబుల్ డ్యూటీ ఏసిండ్రు. నా ఫోన్ల చార్జింగ్ లేదు, దోస్తుది అడుక్కొని ఇంటికి చేసిన. నేను సచ్చిపోయిన్నంట సార్, ఎల్లవ్వ అంటుంది. మీకేమన్న ఎరుకనా?"

రత్నాకర్ ముందు నీ పాస్‌పోర్టులో పేరేమిటో చెప్పమని అడిగాడు. గంగన్న చెప్పాడు. ఎందుకు సార్ అన్నాడు. ఊరికేనే అన్నాడు రత్నాకర్.

ఊళ్ళో ఏం జరిగిందో తర్వాత గంగన్న నోటి వెంటే తెలిసింది. ఫోన్లో అతని గొంతు వినగానే బామ్మర్ది నమ్మలేదు. ఈమధ్య మిషన్లు ఎవరి గొంతుతోనైనా పలుకుతున్నాయి కదా అన్నాడు. ఎల్లవ్వ ఫోను లాక్కుంది. బోరు రిపేరు చేయించినవా లేదా అని గంగన్న విసుక్కోగానే ఆమె నమ్మేసింది. చావుకు ఇంట్లో చేరిన చుట్టాలందరి ముందూ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. పొద్దుటి నుంచి ఏడుస్తున్న మనిషి, భర్త బతికే ఉన్నాడని తెలిశాక కూడా ఆపలేకపోయింది. అంతకుముందు గాజులు తీయాలని ఎవరో అంటే అత్తగారు అడ్డుపడి, పెట్టె వచ్చి ముఖం చూసేదాకా ముట్టుకోవద్దని కూర్చుందట. ఆ ముసలామెకు తన భర్త విషయంలో తొందరపడిన అనుభవం ఉంది.

సాయంత్రానికి ఆ కబురు రెండు జిల్లాలు తిరిగింది. చచ్చిన గంగన్న ఫోన్ చేసిండని ప్రతి గ్రూపులోనూ నవ్వుకున్నారు. దండ పడ్డ ఫోటో, దాని పక్కనే ప్లాంటు గేటు ముందు చాయ్ తాగుతున్న గంగన్న ఫోటో చేతులు మారాయి. గల్ఫ్‌కు పంపిన ప్రతి ఇంట్లోనూ ఆ కథ చెప్పుకున్నారు.

ఇంగ్లీషు మేడమ్‌కు విషయం చెప్పింది మాలతే. ఆమె ఇంటికి వచ్చి, తన చేతులవైపు చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. మా దేశంలో పూలు అంటే గౌరవం అని మాత్రం అంది. మా దేశంలోనూ అంతేనండి, కాకపోతే కొంచెం ఆలస్యంగా అని మాలతి కాఫీ ఇచ్చింది.

ఇక మిగిలింది గిరి. ఇస్హాక్ ఆర్మూర్ వైపు మనుషులను అడిగి అడిగి గిరి తండ్రి ఫోను నంబరు సంపాదించాడు. ఇక్రాముద్దీన్, తనకు తెలుగు వచ్చు గానీ, ఇలాంటి వార్త చెప్పేటప్పుడు గొంతు ఉర్దూలోకి వెళ్ళిపోతుందని, మీరే చెప్పండని రత్నాకర్‌ను కోరాడు. అమ్మయ్య అన్న మనిషి కాదనలేకపోయాడు. ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసు గదిలో తలుపు వేసుకుని ఫోన్ చేశాడు. ఇస్హాక్ పక్కనే నిలబడ్డాడు.

గిరి తండ్రి మంచి ఉత్సాహంగా ఎత్తాడు. కొడుకు నుంచి ఫోన్ లేక చాలా రోజులైందట. కంపెనీ మారితే అట్లనే ఉంటది కదా సారు అన్నాడు. రత్నాకర్ నేర్చుకుని పెట్టుకున్న మాటలు మర్చిపోయాడు. తను అల్ ఖోర్ నుంచి మాట్లాడుతున్నానని, గిరిని ఆసుపత్రిలో స్వయంగా చూశానని, గిరి ఇక లేడని ఎలాగో చెప్పాడు.

అవతల ఆయన చిన్నగా నవ్వాడు. నవ్వులో ఎగతాళి లేదు, పాపం అన్నట్టుంది.

"మెట్‌పల్లోల్లకు గూడ గిట్లనే ఎవరో చెప్పిండ్రంట సారు. తీరా జూస్తే మనిషి మంచిగున్నడు. ఆడ అంతమంది పనోల్లు, అన్ని పేర్లు. ఎవర్ని జూసి ఎవరనుకున్నరో."

"కాదండీ. నేను చూశాను. ఇస్హాక్ అని, మీవాణ్ణి ఎరిగినవాడు కూడా చూశాడు."

"మీరు గాబరా పడకుండ్రి సారు. పొద్దు గూకేసరికి వాడే ఫోన్ జేస్తడు. అప్పుడు నేనే మీకు జెప్త."

రత్నాకర్ ఇంకేదో అనబోయాడు. ఆయన అతనికి మరోసారి ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాడు.